ఎవరిదా అర సెకను?

పోయిన వారం నన్ను నేనే గుమ్మంలో నిలబెట్టి వదిలేశాను. మధ్యలో వచ్చి చేరిన వాళ్ల కోసం ఆ ముక్క మళ్లీ చెబుతాను, ముందు నుంచీ చదువుతున్న వాళ్లు కాస్త ఓపిక పట్టండి. నా తమ్ముడి కూతురు, ఇంట్లో మేమంతా పిచ్చుక అని పిలిచే ఇరవయ్యేళ్ల పిల్ల, ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగులో మా ఊరి ఆడపిల్లల జట్టుకు ఎంపికైంది. ఆరు ఆటలు బెంచీ మీదే కూర్చుంది. ఏడో ఆటకు బయలుదేరుతూ, గుమ్మం దగ్గర వంగి బూట్ల లేసులు బిగించుకుంటూ, తల ఎత్తకుండానే అడిగింది.

"అత్తా, ఒక్క మాట చెప్పు. నాన్న ఆఖరి ఆటలో నిజంగానే ఆలస్యం చేశాడా? ఆ రోజు గడియారం నీ చేతిలోనే ఉందట కదా."

నేనేమన్నాను? "ముందు నువ్వు పద, నీకు ఆలస్యమవుతోంది" అన్నాను. ఆలస్యం అన్న మాట తమ్ముడి ఇంట్లో ఎంత బరువైనదో తెలిసి కూడా అదే మాట అని, పిల్లను మెట్లు దింపేశాను. నా నోటికి బుద్ధి లేదు, ఎప్పుడూ లేదు.

అది ఆదివారం పొద్దున. మధ్యాహ్నం నాలుగు గంటలకు ఆట మొదలైంది. తమ్ముడి ఇంట్లో ముందుగదిలో ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం.

మా కూర్చోవడం కూడా ఒక పద్ధతే. తమ్ముడు ఆరడుగుల ఐదంగుళాల మనిషి. ఆడే రోజుల్లో అందరూ నిచ్చెన అని పిలిచేవారు. ఆట మానేశాక లిఫ్టులు బాగుచేసే పనిలో చేరితే, నిచ్చెనకి లిఫ్టుతో ఏం పనిరా అని స్నేహితులు ఏడిపించారు. ఆ కాళ్లు ఏ కుర్చీలోనూ పట్టవు కాబట్టి మంచానికి వీపు ఆనించి నేల మీద కూర్చుంటాడు. కాళ్లు చాపితే బూట్ల స్టాండు దాకా వస్తాయి. మరదలు టీవీ చూడదు. టీవీకి పక్కగా పీట వేసుకుని, ఉతికిన బట్టలు మడతపెడుతూ, మొగుడి ముఖం చూస్తుంది. ఆటంతా ఆ ముఖంలోనే కనబడుతుందట ఆవిడకి, వేరే స్కోరు బోర్డు అక్కర్లేదట. నాకు కిటికీ పక్కన పేము కుర్చీ.

ఆ కిటికీ మూసి ఉంటుంది. ఆట ఉన్న రోజు తప్పనిసరిగా మూసేస్తాడు. ఎందుకంటే మూడో అంతస్తులోని ఆ కిటికీలోంచి చూస్తే బస్సుల డిపో, దాని వెనక బడి మైదానం, దాని వెనక స్టేడియం పైకప్పు కనబడతాయి. అక్కడి అరుపులు ఇక్కడికి వినబడతాయి. ప్రత్యక్ష ప్రసారం అని పేరే గాని, టీవీలో బొమ్మ పది అంకెలు లెక్కపెట్టేంత ఆలస్యంగా వస్తుంది. కిటికీ తెరిచి ఉంటే, టీవీలో పిల్ల ఇంకా బంతి పట్టుకోకముందే బయట జనం అరిచేస్తారు, అది పడిందో పోయిందో మనకు తెలిసిపోతుంది. తమ్ముడికి అది నచ్చదు. అందుకని రెండు రెక్కలూ బిగించి, సందులో పాత తువ్వాలు కూరతాడు. గదంతా ఉక్క. ఫ్యాన్ చప్పుడులో వ్యాఖ్యాత మాట వినబడదని దాన్ని కూడా ఒకటి మీద పెడతాడు.

"ఆట అయ్యేసరికి మనల్ని కూడా పిండి ఆరేసుకోవచ్చు" అంది మరదలు, చొక్కా మడతపెడుతూ.

"ఉండవే" అన్నాడు వాడు.

నా గురించి కూడా చెప్పాలి. వారమంతా గ్రంథాలయంలో పుస్తకాలకు అట్టలు వేసేదాన్ని. ఆటల రోజున మాత్రం స్టేడియంలో, కోర్టు పక్కన బల్ల దగ్గర ఆట గడియారం నాది. పద్దెనిమిదేళ్లు చేశాను. గడియారం గారూ అనే పిలిచేవారు నన్ను, నా అసలు పేరు అక్కడ ఎవరికీ తెలియదు. పని చెప్పుకోవడానికి చిన్నదే. ఆట ఆగితే మీట నొక్కి ఆపాలి, మొదలైతే నొక్కి నడపాలి. కానీ మొదలవడం అంటే ఏమిటి అన్న దగ్గరే ఉంది కష్టమంతా. గీత బయట నుంచి బంతి లోపలికి విసిరినప్పుడు, అది విసిరేవాళ్ల చేతిలో ఉన్నప్పుడు కాదు, గాలిలో ఉన్నప్పుడూ కాదు, లోపలున్న ఆటగాడి చేతిని తాకినప్పుడే గడియారం నడవాలి. అంతకు రెప్పపాటు ముందు నొక్కినా ఒకరి నోటి దగ్గర కూడు లాక్కున్నట్టే.

ఆ అలవాటు నన్ను వదల్లేదు. ఇంట్లో టీవీ ముందు కూర్చున్నా ఒళ్లో కళ్లజోడు పెట్టె పెట్టుకుంటాను. బంతి చేతిని తాకితే నా బొటనవేలు దాని మీద దిగుతుంది. ఆ పెట్టె మీద రంగు పోయి, వేలంత గుంట పడింది.

మొదటి మూడు క్వార్టర్లు మా పిల్ల బెంచీ మీదే ఉంది. కెమెరా అటు తిరిగినప్పుడల్లా తమ్ముడు కాస్త ముందుకు వంగేవాడు. తువ్వాలు మెడలో వేసుకుని, మోకాళ్లు ఊపుతూ కూర్చుంది. దానిది వాళ్లమ్మ ఎత్తు. నిచ్చెన కడుపున పిచ్చుక పుట్టిందని పురిట్లోనే నవ్వుకున్నాం. నాలుగో క్వార్టర్ సగంలో జట్టు ముఖ్యమైన పిల్లకు ఐదో ఫౌల్ పడి బయటికి పంపేశారు. కోచ్ బెంచీ వైపు చూసి వేలు చూపించాడు. మా పిచ్చుక, తొమ్మిదో నంబరు, లేచింది.

"లేచింది" అన్నాడు తమ్ముడు. గొంతు మామూలుగానే ఉంది. మరదలు మాత్రం వాడి ముఖం చూసి, చేతిలో ఉన్న లంగా మడత మధ్యలో వదిలేసింది.

పిల్ల బాగానే ఆడింది. అబద్ధమెందుకు, నా కళ్లకు అందరికన్నా బాగా ఆడింది. కానీ బంతి చేతికి వస్తే చాలు, వదిలేస్తోంది. ఎదురుగా ఎవరూ లేకపోయినా సరే, నిప్పు పట్టుకున్నట్టు విసిరేస్తోంది. రెండు పడ్డాయి, మూడు పోయాయి. వ్యాఖ్యాత కూడా పట్టేశాడు. "తొమ్మిదో నంబరు తొందరపడుతోంది. ఒక్క క్షణం ఆగి చూస్తే బాగుండేది" అన్నాడు.

"వీడికేం తెలుసు" అని విసుక్కున్నాడు తమ్ముడు. "ఆగితే పోయినట్టే. నేర్పింది నేను."

నిజమే, వాడే నేర్పాడు. కింద బళ్లు పెట్టుకునే చోట గోడకు రింగు బిగించి, దానికి ఆరేళ్లున్నప్పటి నుంచి రోజూ సాయంత్రం నేర్పాడు. బంతి విసిరి వెంటనే చప్పట్లు కొట్టేవాడు. చప్పట్లు వినబడేసరికి బంతి ఇంకా చేతిలో ఉంటే మళ్లీ మొదటి నుంచి. ఆ చప్పట్లు నేను వినలేకపోయేదాన్ని. అయినా బళ్ల పక్కన నిలబడి చూసేదాన్ని. చూసి, బాగుందిరా అనేదాన్ని.

ఇక ఆఖరికి వద్దాం. ఒక్క పాయింటు వెనక ఉన్నాం. నాలుగు సెకన్లు మిగిలాయి. గీత బయట నుంచి బంతి మనవాళ్లే విసరాలి. వ్యాఖ్యాత ఊపిరాడకుండా మాట్లాడుతున్నాడు. రిఫరీ బంతిని విసిరే పిల్ల చేతికిచ్చాడు. ఆ పిల్ల అటు చూసింది, ఇటు చూసింది, మా పిచ్చుక ఖాళీగా దొరికింది, విసిరింది. పిచ్చుక పట్టింది, పట్టిన ఊపులోనే వదిలేసింది. చుట్టూ రెండు బారల దూరంలో ఎవరూ లేరు. బంతి రింగు అంచుకు తగిలి పైకి లేచింది. నలుగురైదుగురు దాని మీద పడ్డారు, అవతలి పిల్ల చేతికి తగిలి బంతి గీత దాటింది. హారన్ మోగింది. అవతలి జట్టు గెంతులు మొదలుపెట్టింది.

తమ్ముడు కళ్లు మూసుకున్నాడు. "పోతే పోయింది" అన్నాడు. "ఆలస్యం మాత్రం చెయ్యలేదు. అదే చాలు."

సరిగ్గా అప్పుడే నా నోట్లోంచి ఊడిపడింది.

"ముందే నొక్కేశారు."

అనేశాక నాలుక కరుచుకున్నాను. తమ్ముడు కళ్లు తెరిచి నా వైపు తిరిగాడు.

"ఏమన్నావ్?"

"ఏం లేదురా."

"గడియారం ముందే నొక్కేశారన్నావు."

టీవీలో అప్పటికే మన కోచ్ బల్ల దగ్గరికి వెళ్లి చేతులు ఊపుతున్నాడు. రిఫరీలు ముగ్గురూ చిన్న తెర దగ్గర గుమిగూడారు. వ్యాఖ్యాత, "గడియారం విషయంలో ఏదో అభ్యంతరం ఉన్నట్టుంది, రిప్లే చూస్తున్నారు" అన్నాడు. నెమ్మదిగా నడిచే బొమ్మ వేశారు. బంతి ఇంకా విసిరే పిల్ల చేతుల్లోనే ఉంది. తెర మూలన గడియారం అంకెలు మాత్రం కరిగిపోతున్నాయి. నాలుగు, మూడున్నర, మూడు. బంతి మా పిల్లను తాకేసరికి రెండుంపావు చూపిస్తోంది.

తమ్ముడు టీవీ చూడడం లేదు. నన్నే చూస్తున్నాడు.

"ఆ వ్యాఖ్యాతకే రిప్లే వేస్తే గాని తెలీలేదు. నీకెలా తెలిసింది?"

"పద్దెనిమిదేళ్లు చేశాను కదరా. చూస్తే తెలుస్తుంది."

"చూస్తే తెలీదక్కా. నేనూ పన్నెండేళ్లు ఆడాను, నేనూ చూశాను. నాకు తెలీలేదు." వాడి చూపు నా ముఖం మీంచి ఒళ్లోకి దిగింది, కళ్లజోడు పెట్టె మీద ఆగింది. "అది చేసినవాళ్లకే తెలుస్తుంది."

మాట మార్చడానికి నాకు పది దారులు తెలుసు, ఇరవై రెండేళ్లుగా అవే తొక్కుతున్నాను. కానీ పొద్దున పిల్ల తల ఎత్తకుండా అడిగిన ప్రశ్న ఇంకా చెవిలోనే ఉంది. దానికి చెప్పకుండా పంపాను. అది ఆ ప్రశ్నను మోసుకునే కోర్టులోకి దిగింది. ఇంకెన్నాళ్లు?

"ఆ రోజు నువ్వు ఎప్పుడు నొక్కావు?" అడిగాడు తమ్ముడు.

మీకు ఆ రోజు సంగతి తెలుసు. ముందు భాగాల్లో చెప్పినదే, కానీ అప్పుడు వాడు చెప్పినట్టు చెప్పాను. ఒక్క పాయింటు వెనక, రెండు సెకన్లు మిగిలాయి, తమ్ముడు బంతి అందుకుని తిరిగి వేశాడు, అది బుట్టలో పడింది. స్టేడియమంతా అరుపు లేచింది. లేచి, కత్తితో కోసినట్టు మధ్యలో తెగిపోయింది. రిఫరీ చేతులు అడ్డంగా ఊపుతున్నాడు, చెల్లదని. బంతి చేయి విడవకముందే టైమైపోయిందని చెప్పే ఎర్ర దీపం వెలిగిందట. మర్నాడు పత్రికలో ఫొటో వచ్చింది, తమ్ముడి వేళ్ల చివర బంతి, బోర్డు వెనక ఎర్ర దీపం. అర సెకను ఆలోచించాడు, జట్టును ముంచాడు అన్నాడు కోచ్. ఆ జట్టు వాణ్ణి మళ్లీ తీసుకోలేదు. ఇంకే జట్టూ తీసుకోలేదు. ఆ ఫొటో ఇప్పటికీ వాడి పనిముట్ల పెట్టె మూతకు లోపలివైపు అతికించి ఉంటుంది.

ఇంతవరకే చెప్పాను మీకు. వాడికీ ఇంతే తెలుసు.

"బంతి నిన్ను తాకలేదురా, అప్పటికి" అన్నాను. "విసిరేవాడి చెయ్యి దాటింది. గాలిలో ఉంది. నొక్కేశాను."

మరదలి చేతిలోంచి బట్టలు జారాయి.

"ఎందుకు?" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది.

"ఆట మొదలవకముందు అవతలి జట్టు మేనేజర్ బల్ల దగ్గరికి వచ్చాడు. ఆటగాడి అక్కని గడియారం దగ్గర కూర్చోబెడతారా అని గొడవ చేశాడు. ఇన్నేళ్లలో ఆవిడ మీద మాట రాలేదని మన వాళ్లు సర్దిచెప్పారు. వాడు వెళ్తూ వెళ్తూ నా చెయ్యి చూసి, తమ్ముడి చేతికి బంతొస్తే వేలు బరువెక్కి ఆలస్యంగా దిగుతుందేమో, కాస్త చూసుకోండమ్మా అని నవ్వాడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆటంతా అదే మాట బుర్రలో. ఎవరైనా నన్ను దొంగ అంటారేమోనని... నీ వైపు బంతి వస్తుంటే ఆలస్యం కాకూడదు, ఆలస్యం కాకూడదు అనుకుంటూ కూర్చున్నాను. వేలు ఆగలేదురా. ముందే దిగింది."

"ఎంత?"

"అర సెకను."

"ఎలా తెలుసు?"

"వేలికి తెలుస్తుంది."

వాడు తల ఊపాడు, ఆ మాట అర్థమైనట్టే. తర్వాత నేను భయపడుతున్న ప్రశ్న అడిగాడు.

"రిఫరీ నీ దగ్గరికొచ్చాడు. నాకు గుర్తుంది. నేను కోర్టు మధ్యలో నిలబడి చూస్తున్నాను. వంగి నిన్నేదో అడిగాడు."

"గడియారం సరిగ్గానే నడిచిందా అని అడిగాడు."

"ఏం చెప్పావు?"

వాడు కదలకుండా చూస్తున్నాడు. టీవీలో ఏదో సబ్బు ప్రకటన పాడుతోంది.

"సరిగ్గానే నడిచిందన్నాను" అన్నాను.

అంత పొడుగు మనిషి అలా మంచానికి ఆనుకుని చిన్నవాడైపోవడం నేను రెండోసారి చూశాను. మొదటిసారి కోర్టు మధ్యలో. రెండుసార్లూ కారణం నేనే. ఒక పరాయివాడి నవ్వుకు భయపడి నా తమ్ముడి నోట్లో మట్టి కొట్టాను. తప్పు జరిగిపోయింది సరే, వేలు చేసిన తప్పు అది. అడిగినప్పుడు అబద్ధమాడింది వేలు కాదు కదా.

మాట్లాడింది మరదలు. ఆవిడ నాతో ఏనాడూ గొంతు పెంచి మాట్లాడలేదు. అప్పుడూ పెంచలేదు.

"ఇరవై రెండేళ్లుగా ఆదివారం ఆదివారం మా ఇంటికొచ్చి, ఈయన పక్కన కూర్చుని టీ తాగారు కదా వదినా. ఒక్క ఆదివారమైనా గొంతుకి అడ్డం పడలేదా?"

"పడింది" అన్నాను. "ప్రతి ఆదివారమూ పడింది. మింగేశాను."

"ఈయనేం మింగారో మీకు తెలుసా? పిల్లల జట్టుకి కోచ్‌గా రమ్మని మూడుసార్లు పిలిచారు. నాకెందుకు, నేను ఆలస్యం మనిషిని అని పంపేశారు. చేతిగడియారం పది నిమిషాలు ముందుకి తిప్పి పెట్టుకుంటారు. పెళ్లికెళ్లినా, ఆసుపత్రికెళ్లినా అందరికన్నా ముందెళ్లి గేటు దగ్గర నిలబడతారు. కూతురి ఆట ఆ కనబడే స్టేడియంలో జరుగుతుంటే, నడిచి వెళ్లేంత దూరం, వెళ్లకుండా కిటికీ బిగించుకుని ఇక్కడ కూర్చున్నారు. ఎందుకనుకున్నారు?"

"ఊరుకోవే" అన్నాడు తమ్ముడు.

"ఊరుకుంటూనే ఉన్నాను కదా ఇన్నేళ్లూ."

"నా సంగతి వదిలెయ్." వాడు రెండు అరచేతులూ విప్పి వాటివైపే చూసుకుంటున్నాడు. "నాది అయిపోయింది. ఇప్పుడు తెలిసి మాత్రం నేనేం చేస్తాను, వెళ్లి ఆ బంతి మళ్లీ వేస్తానా? కానీ దానికేం నేర్పాను అక్కా నేను? ఆరేళ్ల పిల్లకి చప్పట్లు కొట్టి మరీ నేర్పాను. చూడకు, ఆలోచించకు, వదిలెయ్. ఆలోచించే నేను చెడిపోయానని. ఆ రోజు నేను ఆలోచించలేదు కదా? చెప్పు. నువ్వే కదా చూసింది. సరిగ్గానే వేశాను కదా?"

"సరిగ్గానే వేశావురా. వెయ్యవలసిన టైములోనే వేశావు."

"మరి నాది కాని తప్పుని తీసుకెళ్లి దాని చేతుల్లో పెట్టాను నేను." వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. "ఇందాక ఎదురుగా ఎవరూ లేరు. రెండుంపావు సెకన్లు ఉన్నాయి. కుదురుగా చూసి వేసుకోవచ్చు. వెయ్యనివ్వలేదు నేను. ఎక్కడో ఇంట్లో కూర్చుని చప్పట్లు కొట్టాను."

ఆ చప్పట్లకు మూలం నా వేలు. లేచి వాడి కాళ్ల దగ్గర కూర్చుందామనుకున్నాను. ఏ ముఖం పెట్టుకుని? కుర్చీలోనే ఉండిపోయాను.

ప్రకటనలు అయిపోయాయి. వ్యాఖ్యాత గొంతు మళ్లీ వచ్చింది. "నిర్ణయం వచ్చేసింది! బంతి ఆటగత్తె చేతిని తాకకముందే గడియారం నడిచినట్టు తేలింది. హారన్ మోగకూడని సమయంలో మోగింది. అవతలి జట్టు చేతికి తగిలి బంతి బయటికి పోయింది కాబట్టి మళ్లీ ఇదే జట్టు విసురుతుంది. గడియారం మీద ఒకటి పాయింట్ ఏడు సెకన్లు తిరిగి పెడుతున్నారు."

తమ్ముడు మోకాళ్ల మీద లేచాడు. "ఒకటీ ఏడా?"

"ఒకటీ ఏడే" అన్నాను. బయటి వాళ్లకు అది ఏమీ కాదు, ఒక తుమ్ముకు కూడా చాలదు. మాకు తెలుసు. ఒకటీ ఏడంటే బంతి పట్టి, పాదాలు సర్దుకుని, రింగు వైపు చూసి, అప్పుడు వెయ్యొచ్చు. కంగారు పడకుండా వెయ్యొచ్చు. కానీ అంతకు మించి ఒక్క వెంట్రుక కూడా ఎక్కువ లేదు.

"ఫోన్ చెయ్యి" అన్నాడు మరదలితో. "దానికి చెప్పాలి. చూసి వెయ్యమని చెప్పాలి."

"ఫోన్లు లాకర్లో పెట్టించేస్తారు. ఎవరికి చేస్తారు మీరు?"

టీవీలో మా పిచ్చుక కనబడింది. కోచ్ దాని భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతున్నాడు. అది తల ఊపుతోంది, కానీ చూపు ఆయన మీద లేదు. బల్ల వైపు చూస్తోంది. గడియారం దగ్గర కూర్చున్న మనిషి వైపు. తప్పు చేసి దొరికిపోయిన ఆ మనిషి తల దించుకుని ఉన్నాడు. పిల్ల చాలాసేపు అతన్నే చూసింది. పొద్దున నన్నడిగిన ప్రశ్నకు జవాబు అక్కడ దొరికిందేమో. దాని ముఖం మారింది. నాకు బాగా తెలిసిన ముఖం అది, ఎత్తు వాళ్లమ్మదే గాని ఆ ముఖం తమ్ముడిది.

తమ్ముడు మోకాళ్ల మీదే టీవీ దాకా వెళ్లాడు. తెర మీద చెయ్యి పెట్టాడు.

"తొందర్లేదమ్మా" అన్నాడు. "టైముంది నీకు. చూడు. చూసి వెయ్యి. నేను చప్పట్లు కొట్టనులే. చూసి వెయ్యి."

పద్నాలుగేళ్లలో వాడు దానికి ఆ మాట చెప్పడం అదే మొదటిసారి. చెప్పింది గాజుకి.

మరదలు విసురుగా లేచింది. "ఇంక చాలు. నా కూతురికేమైందో ఊరందరికీ తెలిశాక నాకు తెలియాలా?" అంటూ నా పక్కకు వచ్చి, సందులోని తువ్వాలు లాగి పారేసి, కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది. చల్లగాలి వచ్చి మడతపెట్టిన బట్టల్ని చెదరగొట్టింది. తమ్ముడు వద్దనలేదు. వాడికి వినబడినట్టే లేదు.

బయట నిశ్శబ్దంగా ఉంది. డిపోలో ఒక బస్సు ఇంజన్ ఆగింది. టీవీలో రిఫరీ బంతి పట్టుకుని గీత దగ్గరికి ఇంకా నడుస్తున్నాడు.

అప్పుడు కిటికీలోంచి హారన్ వినబడింది.

వెంటనే అరుపు. స్టేడియం పైకప్పు లేచిపోయేంత అరుపు. మరదలు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "పడింది! పడింది వదినా, పడింది కదా?" అంది, అంతసేపూ అన్నదంతా మరిచిపోయి నా భుజం పట్టుకుని.

నేను జవాబు చెప్పేలోగా ఆ అరుపు మధ్యలో తెగిపోయింది.

అలా తెగిన అరుపు అంతకుముందు జీవితంలో ఒక్కసారే విన్నాను, తమ్ముడి బంతి చెల్లదన్న రోజు. తమ్ముడు కూడా విన్నాడు. తెర మీద చెయ్యి అలాగే ఉంచి, మెల్లగా తల తిప్పి కిటికీ వైపు చూశాడు, తర్వాత నా వైపు.

టీవీలో రిఫరీ బంతి ఇచ్చాడు. విసిరే పిల్ల అటూ ఇటూ చూసి విసిరింది. బంతి మా పిచ్చుక వేళ్లను తాకింది. నా బొటనవేలు కళ్లజోడు పెట్టె మీద దిగింది. తాకినప్పుడే దిగింది, ముందూ కాదు, వెనకా కాదు.

మా పిచ్చుక, పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి, బంతిని వెంటనే వదల్లేదు. పాదాలు సర్దుకుంది. రింగు వైపు తల ఎత్తి చూస్తోంది. ఇంకా చూస్తూనే ఉంది.